తక్కెడ ముల్లు

కోడుమూరులో తెలుగు పంతులుగా ముప్పయ్యేళ్లకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాత నాకు మిగిలిన పని ఒకటే. ప్రార్థనలో దేవుణ్ణి వెతుక్కునేవాళ్ల పక్కన కూర్చుని వినడం. మా కతోలికుల పుస్తకాల్లో దీన్ని ఆధ్యాత్మిక మార్గదర్శనం అంటారు. మా వీధిలోవాళ్లు మాత్రం 'సారు దగ్గర కాసేపు కూచోని వస్తాం' అంటారు. ఈ మధ్య ఒక సిస్టరమ్మ, ఒక ఉపదేశి, బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి ఈ పని నేర్చుకుంటామని వచ్చారు. ఇవి వాళ్ల కోసం రాసుకున్నవి.

1. ముందు మీరు మౌనంలో కూర్చోండి

ధ్యానకూటాలంటే మనకు గుర్తొచ్చేవి షామియానా, మైకు, మూడు రోజుల ప్రసంగాలు. 1967లో కర్నూలు మేత్రాసనం ఏర్పడేనాటికి నేను బడిపిల్లవాణ్ణి. అప్పటినుంచీ అలాంటి కూటాల్లోనే పెరిగాను, వాటివల్ల మేలు పొందాను. 2003లో బెంగళూరుకు ఎనిమిది రోజుల ఏకాంత ధ్యానానికి వెళ్తే అక్కడ ప్రసంగించేవాళ్లే లేరు. ఒక గది, బైబిలు, నోటుపుస్తకం. రోజుకు నాలుగైదు పూటలు, పూటకు గంట చొప్పున ప్రార్థన. తక్కినదంతా మౌనమే, అన్నం దగ్గర కూడా. రోజుకొకసారి మాత్రం ఒక సిస్టరమ్మ ఎదుట కూర్చుని ప్రార్థనలో ఏం జరిగిందో చెప్పాలి. ఆమె విని, మర్నాటికి ఒకటో రెండో వాక్యభాగాలు ఇస్తారు.

మొదటి రెండు రోజులు ఆమెకు నేను చెప్పినవన్నీ పాఠాలే. యెషయా గ్రంథం ఎప్పటిది, ఆ అధ్యాయం నేపథ్యం ఏమిటి, దేవుని ప్రేమ ఎంత గొప్పది. ఆమె ఓపికగా విని, "ఇవన్నీ సరే మాస్టారూ, ఆ గంటలో మీకేం జరిగింది?" అని అడిగారు. మళ్లీ పాఠమే చెప్పాను. ఆమె మళ్లీ అదే అడిగారు. మూడో రోజు నోరు పెగిలింది. రెండెకరాల పొలం తగాదాతో మా నాయనతో నాలుగేళ్లు మాట్లాడలేదు, ఆయన అలాగే పోయాడు. కళ్లు మూసుకున్న ప్రతిసారీ ఆయన ముఖమే ఎదుట నిలుస్తోంది. ఆ మాట చెప్పి ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, బోధించలేదు. చాలాసేపటికి, "రేపు కూడా ఇదే వాక్యంతో కూర్చోండి. ఈసారి మీ నాన్నగారిని బయటికి పంపకండి" అన్నారు.

ఆ రెండు వాక్యాలు నన్ను మార్చినంతగా నేను విన్న ఏ ప్రసంగమూ మార్చలేదు. మీరు ఆ కుర్చీలో కూర్చోకుండా ఎదుటి కుర్చీలో కూర్చోవద్దు.

2. ముల్లు ఏ పక్కకూ మొగ్గకూడదు

ఈ పద్ధతికి మూలం పునీత లొయోలా ఇగ్నాసి వారి 'ఆధ్యాత్మిక సాధనలు' అనే చిన్న పుస్తకం. 1548లో మూడో పౌలు పోపు దాన్ని ఆమోదించారు. అది చదువుకునే పుస్తకం కాదు, చేయించేవాడి చేతిపుస్తకం. నాలుగు 'వారాలు' ఉంటాయి: మన పాపం, దేవుని దయ; క్రీస్తు జీవితం; ఆయన శ్రమలు; పునరుత్థానం. పూర్తిగా చేస్తే దాదాపు ముప్పై రోజులు పడుతుంది. మొదట్లోనే చేయించేవాడికి సూచనలున్నాయి. వాటిలో పదిహేనోదాన్ని నేను రోజూ గుర్తుచేసుకుంటాను. చేయించేవాడు ఇటూ అటూ ఒరగకుండా తక్కెడలా నిలబడాలనీ, సృష్టికర్తను తన బిడ్డతో నేరుగా మెలగనివ్వాలనీ దాని సారం.

ఆదోని పత్తి మార్కెట్టుకు మా నాయనతో పోయిన రోజులు గుర్తొస్తాయి. పత్తి ఎంత బాగున్నా ఆయన కళ్లు తూకం దగ్గరే ఉండేవి. ముల్లు మొగ్గిందంటే ఏడాది కష్టం గంగలో కలిసినట్టే.

నా ముల్లు మొగ్గిన సంగతీ చెప్పాలి. ఒక తల్లి వచ్చేది. కొడుకు తనను కాదని వెళ్లిపోయాడు. తప్పిపోయిన కుమారుని కథతో ప్రార్థిస్తోంది. తండ్రి ఎదురు పరుగెత్తే చోటికి రాగానే ఆగిపోతున్నానని చెప్పింది. ఆమె బాధ చూడలేక, "క్షమించెయ్యమ్మా, దేవుని చిత్తం అదే" అన్నాను. తలూపి వెళ్లింది. తర్వాతి వారం రాలేదు, ఆపై వారమూ రాలేదు. ఆరునెలలకు సంతలో కనబడి చెప్పింది: "మీరు చెప్తిరి కదా అని క్షమించినా అనుకుంటి సారూ. లోపల కాలేదు. దేవునికి అబద్ధం చెప్పినట్లయి మళ్ల రాలేకపోతి."

నేను చెప్పింది తప్పు మాట కాదు. అయినా అది నేను చెప్పాల్సిన మాట కాదు. ఆ మాట ఆమెకు దేవుడు చెప్పాలి, ఆయన చెప్పే వేళకు చెప్పాలి. ఆమె కథలో ఎక్కడ ఆగిందో అక్కడే ఆమెతోపాటు ఆగి ఉండవలసింది.

3. ఇది ఫాదర్లకే చెందిన పని అనుకోవద్దు

ఈ సందేహం మన ఊళ్లలో గట్టిగా ఉంది. ఇగ్నాసి వారు 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగిన సైనికుడు. మంచాన పడి మనసు మారి, మాన్రేసా అనే ఊళ్లో నెలల తరబడి ప్రార్థించి, ఆ అనుభవంలోంచే ఈ సాధనలు రాసుకున్నారు. అప్పటికి ఆయన గురువు కారు. వేదాంతం చదవకుండా ఆత్మల సంగతి బోధిస్తున్నాడని 1527లో అల్కలాలోనూ సలమాంకాలోనూ ఆయన్ను జైల్లో పెట్టి విచారించారు. గురుపట్టాభిషేకం 1537లో గానీ జరగలేదు. కాబట్టి ఈ పని తొలినాళ్లలో చేసినవాడు ఒక గృహస్థుడే.

   

తర్వాతి కాలంలో ఈ సాధనలు కూడా గుంపుకు చేసే ప్రసంగాలుగా మారిపోయాయి. రెండో వాటికన్ మహాసభ 1965లో మఠవాసుల్ని తమ స్థాపకుల మూలానికి తిరిగి వెళ్లమన్నాక, ఒక్కొక్కరినీ విడిగా నడిపించే పాత పద్ధతి మళ్లీ బతికింది. మన దేశంలో దాన్ని ఎందరికో అందించినవారు ఆంథొనీ డిమెల్లో. ఆయన 'సాధన' పుస్తకం 1978లో వచ్చింది. ఊపిరిని గమనిస్తూ, ఒళ్లు కుదుటపరచుకుంటూ ప్రార్థనలోకి దిగడం నేను దాంట్లోంచే నేర్చుకున్నాను.

4. చెలమను కెలకొద్దు

మా హంద్రీ ఎండాకాలంలో ఇసుకే. చెలమ తోడితే మొదట ఊరేది బురదనీళ్లు. తొందరపడి చెయ్యి పెడితే ఇంకా మడ్డవుతాయి. గట్టున కూర్చుని చూడాలి.

మీ దగ్గరికి వచ్చేవాళ్లు ఏదో ఒకరోజు 'మనసు ఎండిపోయింది, దేవుడు లేడనిపిస్తోంది' అంటారు. గాభరా పడొద్దు. ధైర్యం చెప్పే మాటలు కుమ్మరించొద్దు. ఎప్పటినుంచి, అప్పుడేం జరిగింది అని మాత్రం అడగండి. ఇగ్నాసి వారి నియమం ఒకటి ఇక్కడ చాలా గట్టిది. అలా మనసు ఎండిపోయి ఉన్నప్పుడు అంతకుముందు చేసిన నిర్ణయాన్ని మార్చుకోకూడదు. ప్రార్థనకు పెట్టుకున్న గంటను తగ్గించకూడదు, ఇంకాస్త ఎక్కువే కూర్చోవాలి.

పత్తి రెండేళ్లు వరసగా పోయిన ఒక కుర్రాడు పొలం అమ్మేసి బెంగళూరు పోతానన్నాడు. పోవద్దని నేననలేదు. "ఈ మబ్బు తేలేదాకా ఆగు నాయనా" అన్నాను. నాలుగు నెలలు ఆగాడు. ఆ తర్వాత పొలం అమ్మే వెళ్లాడు. అయితే మొదట అన్నప్పుడు అది పారిపోవడం. వెళ్లేనాడు అతని ముఖంలో భయం లేదు.

5. విన్నది విన్నచోటే

మన ఊళ్లో బస్టాండులో అన్న మాట బస్సు కంటే ముందు ఇల్లు చేరుతుంది. ఎవరు వచ్చారన్నది కూడా చెప్పకండి, మీ ఇంట్లోవాళ్లకైనా. తలుపు తెరిచి ఉంచండి, నలుగురు తిరిగే చోట కూర్చోండి, గొంతు తగ్గించి మాట్లాడుకోండి. డబ్బు తీసుకోవద్దు. పాపసంకీర్తనం వినేది గురువు, మీరు కాదు. ఆ గీత దాటొద్దు.

6. ప్రార్థన కానిదాన్ని గుర్తుపట్టండి

నిద్ర లేక, తిండి సహించక, చావు మాటలు మాట్లాడేవాళ్లకు మీ వాక్యభాగాలు చాలవు. అలాంటి ఒకమ్మను వెంటబెట్టుకుని కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్లాను. 'విశ్వాసం తగ్గిందా సారూ?' అని ఆమె దారంతా అడుగుతూనే ఉంది. మందులు వాడింది, కోలుకుంది, మళ్లీ ప్రార్థనకు కూర్చుంది. మాన్రేసాలో ఇగ్నాసి వారినే ఆత్మహత్య తలంపులు వేధించాయి. దాన్ని ఆయన దాచుకోలేదు. మీరూ లోపలే దాచుకోవద్దు, మీ బరువు దించుకోవడానికి మీకూ ఒకరుండాలి. నెలకోసారైనా నేను కర్నూలు పోయి ఒక ఫాదర్ గారి దగ్గర కూర్చుంటాను, ఇప్పటికీ.

7. సుగ్గికి పోయేవాళ్లను వదిలిపెట్టొద్దు

ఎనిమిది రోజులు సెలవు దొరికేది ఎవరికి? పనులు వదల్లేనివాళ్లు ఇంట్లోనే రోజుకు గంటన్నర కూర్చుని నెలల తరబడి చేయవచ్చని ఇగ్నాసి వారి పంతొమ్మిదో సూచన. మన పడమటి మండలాల్లో ఆ గంటన్నర కూడా లేనివాళ్లున్నారు. పంట చేతికి రాని ఏడు ఇంటికి తాళం వేసి, పిల్లల్ని వెంటేసుకుని గుంటూరు వైపు మిరప కోతలకు పోతారు. దాన్నే సుగ్గికి పోవడం అంటాం. చేసేవాళ్ల వయసు, చదువు, శక్తి చూసి సాధనలను మలచమన్నది పద్దెనిమిదో సూచన. అందుకని చదువు రాని ఒకామెకు సుగ్గికి పోయేముందు బర్తిమయి కథ నోటితో చెప్పి పంపాను. దారి పక్కన కూర్చున్న ఆ గుడ్డివాణ్ణి పిలిపించి, నీకేం చేయమంటావని యేసుప్రభువు అడుగుతాడు కదా, అక్కడిదాకా చెప్పాను. రాత్రి పడుకునేముందు పది నిమిషాలు అక్కడే నిలబడమన్నాను. ఆదివారం ఫోను.

మొదటి ఆదివారం ఏమీ చెప్పలేదు. రెండోసారీ అంతే. మూడో ఆదివారం అడిగాను, "ప్రభువును ఏం అడిగినావమ్మా?" అని.

"ఇంకా ఏం అడగలేదు సారూ" అంది. "నీకేం కావల్లని ఆయన అడుగుతా ఉండాడు కదా. నన్ను ఇట్లా ఎవరూ అడిగిండ్లేదు. అదే వింటా ఉండా."

అవతల ఎవరో ఆమెను పనికి కేకేస్తున్నారు. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉండిపోయాను.