గుంపులో పరుగెత్తువాడు

ఈ మాసపు పాఠము: 2 సమూయేలు 18:19–32, మార్కు 2:1–4, 1 కొరింథీయులకు 9:24–27



అబ్షాలోముతో జరిగిన యుద్ధము ముగిసిన దినమున అహిమయస్సు అను యౌవనుడు రాజునొద్దకు వార్త కొనిపోవుటకు తాను పరుగెత్తెదనని యోవాబును వేడుకొనెను. యోవాబు వద్దనెను. ఈ వార్తవలన నీకు బహుమానమేమియు రాదు, ఏల పరుగెత్తవలెనని అడిగెను. అయినను అతడు వినలేదు. మైదానపు దారి పట్టి, తనకంటె ముందు బయలుదేరిన కూషీని దాటిపోయెను. దావీదు ఎదుట మొదట నిలిచినవాడు అతడే. జయము కలిగెనని చెప్పెను గాని, రాజు తన కుమారుని క్షేమము అడిగినప్పుడు ఏదో అలజడి చూచితిననియు అది ఏమో తెలియదనియు మాత్రమే చెప్పగలిగెను. ప్రక్కకు తొలగి నిలువుమని రాజు అతనికి సెలవిచ్చెను.

వేగముగా పరుగెత్తుట వేరు, ఎందుకు పరుగెత్తుచున్నామో ఎరుగుట వేరు. యోవాబు అడిగిన ఆ ప్రశ్నను మన యౌవనులు కూడ ఇప్పుడు తమ్మును తాము అడుగుకొనవలసిన కాలము వచ్చినది. ఎందుకనగా పట్టణములలో వేలకొలది జనులు ఒక్కటిగా బయలుదేరు పరుగు పందెములు పెరిగినవి. ముంబయిలో 2004లో మొదలైన మారథాను ఇప్పుడు దేశమంతట పేరుపొందినది. మన హైదరాబాదులోను విశాఖపట్టణములోను కూడ అట్టివి జరుగుచున్నవి. పూర్తి మారథాను 42 కిలోమీటర్లకు కొంచెము పైన. అందులో సగము, పది కిలోమీటర్లు, అయిదు కిలోమీటర్లు అని చిన్న పరుగులును ఉండును. రుసుము కట్టి పేరు ఇచ్చిన ప్రతివానికి ఒక అంకె ఇత్తురు. పల్లెలనుండి చదువుకొరకో పనికొరకో పట్టణమునకు పోయిన మన పిల్లలు వీటికి పేర్లు ఇచ్చుచున్నారు. ఇది మంచిదా కాదా అని తలిదండ్రులు అడుగుటలో తప్పులేదు.

ఈ పరుగులు మొదటినుండి ఇంత పెద్దవి కావు. అమెరికాలోని బోస్టను పట్టణమున 1897లో మొదటి మారథాను జరిగినప్పుడు బయలుదేరినవారు పదునైదుగురు మాత్రమే. న్యూయార్కులో 1970లో ఒక ఉద్యానవనములో జరిగిన మొదటి పరుగుకు వచ్చినవారు 127 మంది. కడవరకు చేరినవారు 55 మంది. అదే పరుగును 2019లో 53,000 మందికి పైగా ముగించిరి. మన మండలములో ఒక పెద్ద గ్రామమును, దాని చుట్టునున్న ఊళ్ళను కలిపి ఒకే వంతెనమీద నిలిపినట్లు ఊహించుకొనుడి.

పౌలు కొరింథు సంఘమునకు పందెపు రంగమును గూర్చి వ్రాసినప్పుడు ఆ సంఘస్థులకు వేరే వివరణ అవసరము లేకపోయెను. వారి పట్టణమునకు సమీపమున ఇస్త్మియాలో రెండేండ్లకు ఒకసారి గొప్ప ఆటలు జరుగుచుండెను. అక్కడి చిన్న పరుగు సుమారు 600 అడుగులు. గెలిచినవానికి ఆకుల కిరీటము. ఒక కాలమున పైన్ కొమ్మలతోను, మరియొక కాలమున వాడిపోయిన కూరాకు రెమ్మలతోను అల్లుచుండిరి. రెండవవానికి ఏమియు లేదు. అక్కడ గుంపు కూర్చుండి చూచెడిది, కొద్దిమంది పరుగెత్తెడివారు. ఇప్పుడు గుంపే పరుగెత్తుచున్నది. ఒక్కడే బహుమానము పొందునని పౌలు ఎత్తి చూపిన ఆ నియమము నేటి పెద్ద పరుగులలో దాదాపు కనబడదు. కడకు చేరిన ప్రతివానికి ఒక పతకము ఇత్తురు. దీనిని చూచి నవ్వువారున్నారు. నాకైతే నవ్వు రాదు. ఏబది యేండ్లు దాటిన ఒక తల్లి ఆరు నెలలు తెల్లవారుజామున లేచి నడక నేర్చి, పిమ్మట పరుగు నేర్చి, మొదటివాడు ముగించిన మూడు గంటలకు చేరినయెడల ఆమె ఎవరి కిరీటమును దొంగిలించినది?

మేలు అక్కడనే ఉన్నది. పందెపు దినముకంటె దానికి ముందున్న నెలలే ఎక్కువ విలువగలవి. పేరు ఇచ్చినవాడు త్రాగుడు మానును, పొగ మానును, వేళకు పరుండును. తన శరీరమును లోపరచుకొనుటను గూర్చి పౌలు చెప్పిన మాట అట్టివానికి కొంత అర్థమగును. ఒంటరిగా పదియవ మైలు దగ్గర కూర్చుండిపోవువాడు ప్రక్కన నలుగురు నడుచుచుండగా తానును నడుచును. లండనులో 1981 మార్చి 29న మొదటి మారథాను వానలో జరిగెను. 6,255 మంది ముగించిరి. ముందుగా వచ్చిన ఇద్దరు, అమెరికావాడైన డిక్ బియర్డ్స్లీయు నార్వేవాడైన ఇంగె సిమన్సెనును, కడపటి గీతను చేతులు పట్టుకొని దాటిరి. ఇద్దరికిని జయము వ్రాయబడెను. ఆ పరుగులో పాల్గొనువారు నాటినుండి బీదలకును రోగులకును తమ స్నేహితులయొద్ద పోగుచేసిన చందా మొత్తము నూరు కోట్ల పౌండ్లను మించినది. అది చిన్న సంగతి కాదు.

ఇక నష్టము. మొదటిది, గుంపు మనిషి కొలతను అతనియొద్దనుండి తీసివేయును. ఇంటియొద్ద మెల్లగా పరుగెత్తి అలవాటుపడినవాడు డప్పులు మ్రోగి వేయిమంది ఒక్కసారి కదలగానే తన అడుగు మరచి వారి అడుగు వేయును. మొదటి అరగంటలో ఖర్చుచేసిన బలము కడపటి గంటలో దొరకదు. ఇరుకులో ఎవని మడమ ఎవడు త్రొక్కునో తెలియదు. అందువలననే మంచి నిర్వాహకులు జనులను వేగమునుబట్టి విభాగించి, విడతలుగా పంపుదురు. ఇప్పుడు ప్రతివాని చొక్కా అంకెలోనో పాదరక్షలోనో చిన్న చిప్పు పెట్టి, అతడు గీత దాటిన క్షణమునుండియే కాలము లెక్కింతురు గనుక, వెనుక బయలుదేరినవానికి నష్టము లేదు. ఆత్రపడుటకు కారణమును లేదు.

రెండవది ఎండ. పరుగెత్తువాని కండరములు ఖర్చుచేయు శక్తిలో సుమారు ముప్పాతిక వంతు వేడిగా మారును. చెమట ఆరినప్పుడే ఆ వేడి పోవును. ఉక్కపోతలో అది ఆరదు. చికాగో పట్టణమున 2007 అక్టోబరు 7న ఎండ 31 డిగ్రీలకు చేరెను. అది మనకు చలికాలమువంటిదే గదా అనవచ్చును. కాని అక్కడ సుమారు 36,000 మంది బయలుదేరగా సుమారు 25,000 మందియే ముగించిరి. నీళ్ళు చాలలేదని అనేకులు మొరపెట్టిరి. మూడున్నర గంటలు గడచిన పిమ్మట నిర్వాహకులు పరుగును నిలిపివేసి, మిగిలినవారిని నడువుమనిరి. మన ప్రాంతములో వేసవిలో పరుగు పెట్టువారు దీనిని రెండుసార్లు ఆలోచింపవలెను.

అట్లని నీళ్ళు ఎంత త్రాగిన అంత మంచిదని తలంచువారు కూడ పొరపడుచున్నారు. బోస్టనులో 2002లో పరుగు ముగించిన 488 మంది రక్తము పరీక్షింపగా నూటికి 13 మందికి రక్తములోని ఉప్పు తగ్గియుండెను. వారిలో అనేకులు పరుగెత్తుచు అతిగా త్రాగినవారే. దాహము కలిగినప్పుడు త్రాగుట మేలు.

గుండె ఆగునను భయము మాత్రము ఉన్నదానికంటె పెద్దదిగా చెప్పబడుచున్నది. అమెరికాలో 2000 మొదలుకొని 2010 వరకు మారథానులలోను అర మారథానులలోను పాల్గొన్న 1 కోటి 9 లక్షల మందిని గూర్చి వైద్యులు లెక్క తీసిరి. గుండె ఆగినవారు 59 మంది. వారిలో 42 మంది మరణించిరి. దాదాపు 1,84,000 మందిలో ఒకనికి అట్లు జరిగెనన్నమాట. ఛాతీ నొప్పి, కళ్ళు తిరుగుట, కుటుంబములో చిన్న వయస్సున గుండెజబ్బుతో మరణించినవారుండుట, వీటిలో ఏదైనను ఉన్నవాడు మొదట వైద్యుని చూడవలెను. తక్కినవారు భయపడనక్కరలేదు.

దీనికి భిన్నమైన పరుగు ఒకటి మన పల్లెలకు బాగుగా తెలియును. అది ఉద్యోగపు పరుగు. మన రెండు రాష్ట్రములలోను పోలీసు కానిస్టేబులు ఎంపికలో పురుషులకు 1600 మీటర్ల పరుగున్నది. సైన్యములో చేరగోరువారికిని పరుగున్నది. తెల్లవారుజామున మన రోడ్లమీద పరుగెత్తు పిల్లలు అందుకొరకే సిద్ధపడుచున్నారు. జార్ఖండు రాష్ట్రములో 2024లో అబ్కారీ కానిస్టేబుళ్ళ ఎంపికకు పురుషులు ఒక గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తవలసియుండెను. ఆగస్టు నెలలో మొదలైన ఆ పరుగులలో కొద్ది దినములలోనే పదిమందికి పైగా యువకులు మరణించిరి. పిమ్మట ప్రభుత్వము దానిని కొన్ని దినములు నిలిపివేసెను. పతకముకొరకు పరుగెత్తువాడు నొప్పి కలిగిన చోట ఆగిపోవచ్చును. ఇంటివారి తిండికొరకు పరుగెత్తువాడు ఆగలేడు. అతనిని ఆగుమని చెప్పవలసినవారు గీత ప్రక్కన గడియారము పట్టుకొని నిలిచినవారే. మన పిల్లలకు కూడ ఇంటిలో ఒక మాట చెప్పవలెను. ఈ యేడు తప్పిన ఉద్యోగము మరియొక యేడు రావచ్చును. పరుగు త్వరగా రావలెనని ఎవడైన ఇచ్చు సూది మందును, బిళ్ళలను ముట్టవద్దని కూడ చెప్పవలెను. చిన్నపిల్లల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఒడిశాలో 2006లో నాలుగేండ్ల బాలుని 65 కిలోమీటర్లు పరుగెత్తించి దేశమంతయు చప్పట్లు కొట్టెను. అట్టి చప్పట్లు సిగ్గుకరమైనవి.

పరుగెత్తని వానిని గూర్చియు తలంపవలెను. పక్షవాయువుగలవానిని నలుగురు మోసికొని వచ్చినప్పుడు గుంపువలన యేసునొద్దకు చేరలేకపోయిరని మార్కు చెప్పుచున్నాడు. ఆ గుంపు చెడ్డది కాదు. వాక్యము వినుటకు వచ్చినది. దారి మూయవలెనని ఎవరును కోరలేదు. అయినను దారి మూయబడెను. ఆ నలుగురు ఇంటికప్పు విప్పవలసి వచ్చెను. మారథాను జరుగు దినమున పట్టణములో జరుగునదియు ఇదే. అమెరికాలోని 11 పట్టణములలో 2002 మొదలుకొని 2012 వరకు వైద్యులు పరిశీలించిరి. గుండెపోటుతోనో గుండె ఆగియో ఆసుపత్రికి వచ్చిన వృద్ధులలో మామూలు దినములలో నెల తిరుగకముందే నూటికి 25 మంది మరణించుచుండగా, మారథాను దినములలో నూటికి 28 మంది మరణించిరి. వీరు పరుగెత్తినవారు కారు. మూసిన రోడ్ల అవతల ఇండ్లలో ఉన్నవారు. ఆ దినములలో ఉదయము రోగిని ఎక్కించుకొన్న బండి ఆసుపత్రి చేరుటకు నాలుగు నిమిషములకు పైగా ఆలస్యమగుచుండెను. నాలుగు నిమిషములే!

మోసుకొని వచ్చువారికి ఇంటికప్పు విప్పు అవకాశము ప్రతి పట్టణమున దొరకదు. కాబట్టి పరుగును నడుపువారు ముందుగానే ఒక దారి విడువవలెను. ఆసుపత్రివైపు పోవు రోడ్డును మూయకూడదు; తప్పనిసరియైతే బండి వచ్చినప్పుడు గుంపును ఆపుటకు ఆ కూడలిలో మనుష్యులుండవలెను. పరుగెత్తువానిపైనను ఒక భారమున్నది. ప్రక్కవాడు కూలినప్పుడు గడియారము చూచుకొని దాటిపోయినయెడల, యెరికో దారిలో ప్రక్కగా పోయిన ఆ లేవీయుని కథ అతనికి కొత్తగా చెప్పనక్కరలేదు.

ఆదివారపు మాట కూడ ఉన్నది. ఈ పరుగులు తరచుగా ఆదివారము తెల్లవారుజామున పెట్టబడుచున్నవి. స్కాట్లండు క్రైస్తవుడైన ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్ ఆటలలో 100 మీటర్ల ప్రాథమిక పందెము ఆదివారమున పడినందున దానిని విడిచి, 400 మీటర్ల పందెమున బంగారు పతకము పొందెను. ప్రతివాడును లిడెల్ కావలెనని నేను చెప్పను. ఏడాదికొక ఆదివారము పరుగెత్తి సాయంకాలపు ఆరాధనకు వచ్చువానిని నిందించువారు తమ సంత ఆదివారములను కూడ లెక్కించుకొనుట మంచిది. కాని ప్రతి నెల ఒక పట్టణమునకు పోవువానియొద్ద ఆరాధనకు దినము మిగులదు, చేతిలో డబ్బును మిగులదు. రుసుము, రైలు, బస, ఖరీదైన బూట్లు అన్నియు కలిసి కూలివాని నెల సంపాదనను మ్రింగును. బూట్ల విషయములో ఇంత చెప్పుదును: ఇథియోపియావాడైన అబెబె బికిలా 1960లో రోము ఒలింపిక్ మారథానును వట్టి కాళ్ళతో గెలిచెను.

మన సంఘములలో క్రిస్మసుకును కోతపండుగకును పిల్లలకు, యౌవనులకు పరుగు పందెములు పెట్టు అలవాటు ఎక్కడెక్కడనో ఉన్నది. ఇప్పుడు కొన్ని చోట్ల చుట్టుప్రక్కల సంఘములన్ని కలిసి రోడ్డుమీద పెద్ద పరుగు పెట్టవలెనని తలంచుచున్నవి. పెట్టవచ్చును. సూర్యుడు ఎక్కకముందే ముగియవలెను. ఏబదిమందికి మించినయెడల విడతలుగా పంపుడి. కిలోమీటరుకు ఒక కుండ నీళ్ళు, దానియొద్ద ఒక మనిషి ఉండవలెను. ప్లాస్టికు గ్లాసులు పొలములలో పడవేయవద్దు. అందరికంటె వెనుక సైకిలుమీద ఒక పెద్ద మనిషి రావలెను. అతడు కడపటివానిని దాటిపోకూడదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు ఒక దినము ముందుగా తెలియజేయుడి.

యౌవనుల కూడికలో ఈ పాఠము చదువువారు మొదట మార్కు సువార్తలోని ఆ నలుగురిని గూర్చి చదువుకొనుడి. తరువాత తమ ఊరి రోడ్డు ఉదయము ఏ గంటకు ఎవరికి అవసరమో ఒక కాగితముమీద వ్రాయుడి: పాలబండి, మొదటి బస్సు, బడి పిల్లలు, నొప్పులు పడుచున్న స్త్రీకొరకు వచ్చు 108 బండి. పరుగు దారి ఎటు పోవలెనో, ఎక్కడ తిరుగవలెనో ఆ కాగితము చూచిన పిమ్మట నిర్ణయించుకొనుడి.