కొలువులో నున్నవాని పండుగ

మారిషస్ ద్వీపమున ఉగాదికి ప్రభుత్వ సెలవు కలదు. మహాశివరాత్రికి, వినాయక చవితికి, దీపావళికి కూడ కలదు. కాని తెలుగు గృహస్థుని ఆచారము ఈ నాలుగు దినములతో ముగియునది కాదు. శ్రీరామ నవమి, వరలక్ష్మీ వ్రతము, గోవింద శనివారములు, అమ్మోరు పండుగ, సింహాద్రి అప్పన్న పూజ, తల్లిదండ్రుల ఆబ్దికములు తరచుగా పనిదినములలోనే వచ్చును. బట్టల మిల్లులోనో, హోటలులోనో, ఆసుపత్రిలోనో షిఫ్టు పని చేయువారికి ఇది ఏటేట ఎదురగు చిక్కు. యజమానికి మాట యిచ్చిన కాలము ఒక వైపు, దేవునికి సంకల్పము చెప్పుకొన్న కాలము మరొక వైపు. వీనిలో ఏది ముందు అని అడిగినచో సరియైన సమాధానము దొరకదు. పూజ ఎవరి కాలముతో, ఎవరి ధనముతో జరుగుచున్నది అని అడుగవలెను.

కోరంగి, విశాఖపట్టణము మున్నగు రేవుల నుండి ఓడలెక్కి వచ్చిన పూర్వులకు ఈ ప్రశ్న మరింత కఠినముగా ఎదురయ్యెను. నెలకు 5 రూపాయల కూలికి, ఐదేండ్ల ఒప్పందమునకు వేలిముద్ర వేసి వచ్చినవారు వారు. చెరకు తోటలలో 'డబుల్ కట్' అను పద్ధతి యుండెను. ఒక దినము పనికి రానివానికి ఆ దినపు కూలి పోవుటయే గాక, మరియొక దినపు కూలి కూడ కోసివేయబడెడిది. మూడు దినములు సంబరము చేసుకొన్నవాడు ఆరు దినముల కూలి పోగొట్టుకొనెను. ఆదివారము ఉదయమున సైతము పశువుల కొట్టములు శుభ్రపరచు పని మిగిలియుండెడిది. ఈ డబుల్ కట్ 1909లో గాని రద్దు కాలేదు. ఆ మరుసటి యేడు, 1910లో, ఒప్పందపు కూలీల రాకయే నిలిచిపోయెను.

అట్టి దినములలో కూడ ఆచారము నశింపలేదు. అది రాత్రిని ఆశ్రయించెను. దీపము చుట్టును తిరుగుచు సంజవేళ మొదలు తెల్లవారువరకు పాడెడి రామభజనము ఈ ద్వీపపు ఆంధ్రులకు ప్రాణప్రదమైన ఆచారము. రాత్రి భజనకు తెలుగు దేశమున కూడ సంప్రదాయము కలదు, నిజమే. అయినను పగలంతయు సర్దారు అధీనమున నున్నవారికి తమదని చెప్పుకొనదగిన కాలము రాత్రి యొక్కటే అన్నది మరువరాదు. వారు దేవునికి ఇచ్చినది తమ నిద్రను.

ఆ భజనలలో పాడు కీర్తనలు పెక్కు భక్త రామదాసువి. కీర్తనలు తెలిసినవారందరు ఆయన కొలువు సంగతిని ఆలోచింపరు. కంచెర్ల గోపన్న 17వ శతాబ్దమున గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారు. ప్రజల నుండి వసూలు చేసిన శిస్తు సర్కారుది. దానిని భద్రాచల రామాలయమునకును, స్వామివారి నగలకును వెచ్చించెనని ఆయనపై నేరము మోపబడెను. పన్నెండేండ్లు గోలకొండ కోటలో చెరయందుండెనని ప్రతీతి. కథను చెప్పు తీరులు పలు విధములు; గోపన్న ముందుగా అనుమతి కోరెనని చెప్పువారును కలరు. ఎట్లు చెప్పినను కథ ముగింపు ఒక్కటే. రామలక్ష్మణులు మారువేషమున తానీషా కడకు వచ్చి, ఆరు లక్షల వరహాలు లెక్కపెట్టి ఇచ్చి, రశీదు వ్రాయించుకొని పోయిరి.

ఈ రశీదును పిల్లలకు చెప్పునప్పుడు నవ్వుటకు వాడుదురు గాని, పాఠమంతయు అందులోనే యున్నది. సొమ్ము దేవుని గుడికే ఖర్చైనది, రాజు పరమతస్థుడు, భక్తుడు నిష్కపటి. ఇన్ని యుండియు అప్పు లేదని శ్రీరాముడు చెప్పలేదు. యజమాని సొమ్ము యజమానికి ముట్టజెప్పి, ఆ తరువాతనే భక్తుని విడిపించెను. కథ గోపన్న భక్తిని తక్కువ చేయదు. ఆ భక్తి ఖర్చు మాత్రము యజమాని ఖాతాలో ఉండరాదని చెప్పుచున్నది.

నేటి ఉద్యోగి చేతిలో శిస్తు సొమ్ము ఉండదు, కాని గంటలు ఉండును. జీతము పుచ్చుకొను గంటలలో చెప్పకుండ గుడికి పోవుట, పోయినవాని హాజరు కార్డును మిత్రుడు కొట్టుట, హోటలు తోటలోని మందారములను అడుగక కోసి పూజకు తెచ్చుట చిన్న విషయములుగా కనబడును. ఇవన్నియు ఆ ఆరు లక్షల జాతిలోనివే.

అంతకంటె విచిత్రమైనది ఒకటి కలదు. ఆరోగ్యము బాగులేదని సిక్ లీవు పెట్టి, ఇంటిలో సత్యనారాయణ వ్రతము చేయువారు కలరు! ఆ వ్రతకథలోని వర్తకుడు, పడవలో ఏమున్నదని అడిగిన సన్న్యాసితో ఆకులలములు తప్ప ఏమియు లేదని బొంకెను. సరుకంతయు ఆకులలములే అయ్యెను. ఆ అధ్యాయమును వినుటకై బొంకి సెలవు తీసుకొనుట ఎట్టి వ్రతమో ఆలోచింపవలెను. ఆ వ్రతమును సాయంకాలమున చేయవలెనని కథలోనే చెప్పియుండగా, పగటి సెలవుతో పని యేమి?

ఇక ఉద్యోగికి న్యాయముగా చెందు కాలము ఎంత? 2019 కార్మిక హక్కుల చట్టము ప్రకారము ఏడాది పని పూర్తిచేసినవానికి ఆ పై ఏట 22 పనిదినముల సెలవు కలదు. ఎప్పుడు తీసుకొనవలెనో యజమానికిని కార్మికునికిని కుదరనిచో, సగము యజమానియు సగము కార్మికుడును నిర్ణయింతురు. అనగా పదకొండు దినములు అడుగుకొనక్కర లేని హక్కు. ప్రభుత్వ సెలవు నాడు పని చేయించినచో సాధారణముగా రెట్టింపునకు తక్కువ కాకుండ కూలి ఇవ్వవలెను. ఒకనాడు పండుగ చేసుకొన్నవాని కూలి రెట్టింపుగా కోసిన దేశముననే ఈ మార్పు వచ్చినది. మతమును బట్టి ఉద్యోగికి అన్యాయము చేయుటను 2008 సమానావకాశముల చట్టము నిషేధించినది. ఇవి ప్రతి వ్రతమునకు ప్రత్యేక సెలవు ఇచ్చు చట్టములు కావు గాని, ముందుగా, బహిరంగముగా అడుగుటకు ధైర్యమిచ్చును. ముందు నెలలోనే తేదీలు వ్రాసి ఇచ్చినవానికి కాదనుట యజమానికి కూడ కష్టమే. అట్లు అడిగినను ఏటేట నిరాకరించి, ఇతరులకు మాత్రము ఇచ్చు యజమాని విషయమున ఓర్పు వహించుట ధర్మము కాదు. సంఘము ద్వారా గాని, చట్టము ద్వారా గాని నిలదీయవచ్చును.

ఉన్న పదకొండు దినములను దేనికి వినియోగింపవలెను? శాస్త్రకారులు కర్మలను నిత్యము, నైమిత్తికము, కామ్యము అని విభజించిరి. నిత్యమైన దీపారాధనము పనికి పోవుటకు ముందు కొద్ది నిమిషములలో జరుగును. దానికి సెలవు అక్కరలేదు. ఆబ్దికము నైమిత్తికము. అది తిథిని విడిచి జరుగదు, దానికి అపరాహ్ణ కాలము కావలెను. కనుక సెలవులలో మొదటి భాగము పితరులదే. వరలక్ష్మీ వ్రతము పౌర్ణమికి ముందు శుక్రవారమున కుదరనిచో శ్రావణములోని మరియొక శుక్రవారమున చేయు వాడుక కలదు. కోరికపై చేయు కామ్య వ్రతములు ఆదివారమునకో సాయంకాలమునకో మార్చుకొనదగినవి. పండుగలన్నిటిని సమానముగా చూచి, సెలవులన్నిటిని సంవత్సరారంభముననే వాడుకొని, ఆబ్దికము నాటికి వట్టి చేతులతో నిలుచువారిని చూచుచునే యున్నాము.

కోతకాలపు మాట కూడ చెప్పుకొనవలెను. ఉగాది చెరకు కోతలు లేని దినములలో వచ్చును. వినాయక చవితి, గోవింద శనివారములు, దీపావళి జూన్ నుండి డిసెంబరు వరకు సాగు కోతల నడుమ పడును. చక్కెర కర్మాగారములో యంత్రము కడ నిలుచువాడు నీరు కూడ ముట్టని ఉపవాసము పూనుట తగదు. పాలు, పండ్లు తీసుకొనుటకు సంప్రదాయము అంగీకరించును. తెల్లవార్లు రామభజనము చేసి, ఉదయమున బస్సు నడుపబోవువాని విషయము ఇంకను గంభీరము. పూర్వులు అర్పించిన నిద్ర వారి సొంతము. బస్సు నడుపువాని నిద్రలో ప్రయాణికుల ప్రాణములు కూడ చేరియున్నవి. అతడు దీపమునకు నమస్కరించి తొలి జామున ఇంటికి పోయిన భజనకు లోపము లేదు. లేనిచో మరునాటికి సెలవు పెట్టుకొని నిలువవలెను.

సెలవు తేదీ వ్రాయుటకు ముందు పంచాంగమును చూచు విధము కూడ తెలియవలెను. భారతదేశపు పంచాంగములలోని గడియలు అక్కడి కాలమునకు లెక్కించినవి. మారిషస్ గడియారము భారత గడియారము కంటె గంటన్నర వెనుక నడచును. అక్కడ ఉదయము 7 గంటలకు ముగిసిన తిథి ఇక్కడ 5.30కే ముగియును, సూర్యోదయము 6 గంటలకైనచో, అక్కడ ఆ దినపు తిథిగా ఎంచినది ఇక్కడ ముందు దినమునకే చెల్లును. ఆబ్దికమునకైతే అపరాహ్ణమున తిథి యున్నదా లేదా అని చూడవలెను. కావున దరఖాస్తు వ్రాయుటకు ముందు గంటన్నర తీసివేసి, స్థానిక సూర్యోదయముతో సరిచూచి, సందేహమున్నచో పురోహితుని అడిగి, ఆ పిదపనే యజమానికి తేదీ చెప్పవలెను. ఒకసారి ఇచ్చిన తేదీని మరల మార్చుమని అడుగుట ఎవరికిని ఇంపు కాదు.