పెంచుకున్న పెద్ద కుక్కను ఇంకో ఇంటికి అప్పగించాలంటే: రైతులు పాటించాల్సిన పద్ధతి



ఆవు గురించి, జీవామృతం గురించి అడిగినట్టే ఈ మధ్య చాలామంది ఒక ప్రశ్న అడుగుతున్నరు. "అన్నా, పొలం అమ్మేసినం, హైదరాబాద్ పోతున్నం. ఆరేండ్ల నుంచి బాయికాడ ఉన్న కుక్క ఉంది. ఏం చేయాలె?" పై వీడియోలో కొంత చెప్పిన. వీడియోలో పట్టని విషయాలు, రాసి పెట్టుకోవాల్సిన విషయాలు ఇక్కడ వివరంగా ఇస్తున్న.

మన సిద్దిపేట జిల్లాలో ఈ అవసరం ఎక్కువే. ప్రాజెక్టుల కింద భూములు పోయినయి, రోడ్ల కింద పోతున్నయి, ప్లాట్లు అయితున్నయి. పిల్లలు పట్నంలో స్థిరపడి ముసలి తల్లిదండ్రులను తీసుకుపోతున్నరు. ఆవును, ఎడ్లను తెలిసిన రైతుకు ఇస్తం, లేదంటే అంగడికి పట్టుకపోతం. గొర్లకు ధర ఉంది. నాటుకుక్కకు అంగడి లేదు, ధర లేదు. అందుకే అందరికంటే ఆఖరికి మిగిలేది అదే.

మల్లన్నసాగర్ ముంపు ఊళ్ల అనుభవం

50 టీఎంసీల మల్లన్నసాగర్ కోసం తొగుట, కొండపాక మండలాల్లోని వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్, పల్లెపహాడ్, లక్ష్మాపూర్, రాంపూర్ లాంటి ఊళ్లు ఖాళీ అయినయి. ఎక్కువ మంది గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లి కాలనీకి వచ్చిండ్రు. 2022 ఫిబ్రవరి 23న జలాశయాన్ని ప్రారంభించిండ్రు. ఆ ముంపు ఊళ్లలో ఒకదాంట్లోనే మా చిన్నమ్మ వాళ్లుండేది.

వాళ్ల కుక్క జాకీకి అప్పటికి ఐదేండ్లు. మెడకు తాడు తెలియని కుక్క. పొద్దున బర్రెలతో పోయేది, పగలు బాయికాడ పండుకునేది, రాత్రి వాకిట్ల కావలి. కాలనీకి వచ్చినంక బర్రెలు లేవు, బాయి లేదు, గోడకు గోడ ఆనుకుని ఇండ్లు. ఎవరు నడిచినా మొరిగేది. చుట్టుపక్కల చిన్నపిల్లలు భయపడుతున్నరని కట్టేసిండ్రు. కట్టేస్తే తిండి మానేసింది. చిన్నమ్మ ఫోన్ చేసి, "కొడుకా, కట్టేస్తే సూడలేకపోతున్న, ఇడిసిపెడితే బతకది. నీ బాయికాడ ఉంచుకుంటవా?" అని అడిగింది.

కింద రాసిన పద్ధతిలో చాలా భాగం జాకీని తెచ్చుకున్నప్పుడు, ఆ తర్వాత ఇంకో రెండు కుక్కలకు ఇండ్లు చూసినప్పుడు పాటించిందే.

మొదటి మెట్టు: నిజంగా ఇవ్వాల్సిందేనా?

కోళ్లను తరుముతుంది, మొక్కలు తవ్వుతుంది, గోమార్లు పట్టినయి, ఊరికే మొరుగుతుంది అనే కారణాలతో కుక్కను ఇచ్చేయాలనుకునే వాళ్లున్నరు. వీటిలో చాలావాటికి ఇంట్లోనే మందుంది. కోళ్ల గూటికి జాలి కట్టొచ్చు. గోమార్లకు పశువైద్యుడు మందిస్తడు, పండుకునే జాగాను కూడా శుభ్రం చేయాలె. రోజంతా కట్టేసి ఉంటే ఏ కుక్కయినా మొరుగుతది. పూటకు అరగంట తిప్పితే చాలావరకు తగ్గుతది. ఇట్లాంటి కారణంతో ఇస్తే కొత్త ఇంట్లో కూడా అదే సమస్య వస్తుంది, వాళ్లు మళ్లీ ఇంకొకరికి ఇస్తరు.

బాగా ముసలిదై, జబ్బుతో ఉన్న కుక్క అయితే ఇల్లు మార్చకపోవడమే మంచిది. కళ్లు సరిగా కనపడని కుక్కకు పాత వాకిలి వాసనే ఆధారం. నాలుగు రోజులు ఇబ్బంది పడైనా దాన్ని మీతోనే ఉంచుకోండి.

ఎక్కడో ఒకచోట వదిలేయడం పరిష్కారం కాదు

"గుడి దగ్గర వదిలేస్తే ఎవరో ఒకరు అన్నం పెడతరు", "కోళ్ల ఫారాల దిక్కు వదిలేస్తే బతుకుతది" అనే మాట వింటుంటం. అక్కడ ముందే ఒక కుక్కల గుంపు ఉంటది. కొత్తగా వచ్చిన పెద్ద కుక్కను అవి రానియ్యవు. కరిచి తరుముతయి. రోడ్డు మీద పడి బండ్ల కింద పోతది, లేదా ఆకలికి గొర్ల మంద మీద పడి దెబ్బలు తింటది. వీధి కుక్కకు ఆపరేషన్ చేసినంక పట్టుకున్న చోటే మళ్లీ వదలాలని 2023 జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నయి. కుక్కకు తన జాగా అంటే ఎంత ముఖ్యమో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

చట్టం కూడా ఉంది. జంతు హింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ ప్రకారం తగిన కారణం లేకుండా పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం నేరం. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. జరిమానా చిన్నదని తప్పు చిన్నది కాదు. మల్లన్ననే మహారాష్ట్రలో ఖండోబాగా కొలుస్తరు. ఆ దేవుని బొమ్మల్లో గుర్రంతో పాటు కుక్క కూడా కనిపిస్తది.

రెండో మెట్టు: అప్పగించే ముందు చేయాల్సినవి

కనీసం నెల రోజుల ముందు నుంచే మొదలుపెట్టండి.

1. రేబిస్ టీకా. మూడు వారాల ముందే వేయించండి, రక్షణ వచ్చేసరికి అంత సమయం పడుతుంది. ఏటా మళ్లీ వేయించాలె. జూలై 6, జూనోసిస్ దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఈ టీకా ఉచితంగా వేస్తరు.

2. నట్టల మందు. బరువును బట్టి పశువైద్యుడు ఇస్తడు. మన దగ్గర గొర్లు ఎక్కువ కాబట్టి ఇది మరీ ముఖ్యం. నీటి బుడగలున్న గొర్రె కార్జం, ఊపిరితిత్తులు పచ్చివి తిన్న కుక్క కడుపులో బద్దెపురుగులు పెరుగుతయి. వాటి గుడ్లు కుక్క పెంటతో బయటపడి గొర్లకు, మనుషులకు చేరితే కార్జంలో తిత్తులు కడతయి.

3. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. మగదైనా ఆడదైనా చేయించే ఇవ్వండి. కుట్లు మానడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. లాబ్రడార్, జర్మన్ షెఫర్డ్ లాంటి జాతి కుక్కలను పిల్లల వ్యాపారం కోసమే అడిగేవాళ్లుంటరు. ఆపరేషన్ అయ్యిందని చెప్పంగనే అట్లాంటివాళ్లు వెనక్కి తగ్గుతరు. అదొక పరీక్ష లెక్క పనికొస్తది.

4. తాడు అలవాటు. ఎప్పుడూ కట్టని కుక్కను ఒక్కసారిగా కట్టేస్తే బెదురుతది. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి, తాడు ఉన్నప్పుడే మంచి తిండి పెట్టండి.

మూడో మెట్టు: ఇల్లు చూసుడు

బిడ్డను ఇచ్చేటప్పుడు విచారించినట్టే విచారించాలె. మొహమాటపడొద్దు. నేను అడిగే ప్రశ్నలు ఇవి:

- రాత్రి బాయికాడ మనిషి పండుకుంటడా, లేక కుక్కను ఒక్కదాన్నే వదిలేస్తరా?
- ఇంట్లో ఆడవాళ్లకు ఇష్టమేనా? రోజూ గిన్నెలో అన్నం వేసేది ఎక్కువగా వాళ్లే.
- ముందున్న కుక్క ఏమైంది? ఈ ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబుతో సగం తెలుస్తది.
- రోజంతా గొలుసుతోనే ఉంచుతరా?
- పక్క పొలాలోళ్లు అడవి పందులకు కరెంటు తీగలు, ఉచ్చులు పెడతరా? ఈ తీగలు చట్టవిరుద్ధం, కుక్కలే కాదు మనుషులూ చనిపోతున్నరు.
- ఆ ఊళ్లో ఎలుకలకు, కోతులకు మందు కలిపిన తిండి పెట్టే అలవాటుందా?

ఫోన్లో విని సరే అనొద్దు. ఒకసారి పోయి చూసి రండి.

అట్లనే మీ దిక్కు నుంచి అబద్ధం చెప్పొద్దు. ఇదివరకు ఎవరినన్నా కరిచిందా, కోళ్లను పట్టిందా, కొత్త మగవాళ్లను చూస్తే ఎగబడుతదా అన్నీ చెప్పాలె. దాచి ఇస్తే ఆ ఇంట్లో చిన్నపిల్లకు ప్రమాదం జరగొచ్చు. కరిచిన చరిత్ర ఉన్న కుక్కను పిల్లలున్న ఇంటికి ఇవ్వకండి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే సర్కారు దవాఖానకు పోవాలె. పసుపు, సున్నం పెట్టి ఊరుకోవద్దు.

ప్రకృతి వ్యవసాయ క్షేత్రానికి ఇస్తుంటే

మన దగ్గర రసాయన మందులు లేవు కాబట్టి కుక్కకు ఏ భయం లేదనుకుంటరు. అది నిజం కాదు. మన కొట్టంలోనే ప్రమాదాలున్నయి.

ఆముదం పిండి: ఎరువుగా వాడే ఈ పిండిలో రైసిన్ అనే విషం ఉండొచ్చు. కుక్కలు దాన్ని ఇష్టంగా తింటయి. ఎముకల పొడి కలిపితే ఇంకా ఎక్కువ. వాంతులు, రక్త విరేచనాలు అయ్యి చచ్చిపోతయి. సంచి మూతిగట్టి ఎత్తులో పెట్టాలె, చేలో వేసినంక మట్టిలో కలిపేయాలె.

అగ్నాస్త్రం: ఇందులో పొగాకు ఉంటది. దశపర్ణిలో, బ్రహ్మాస్త్రంలో ఉమ్మెత్త వేస్తం. వడకట్టిన పిప్పిని గట్టు మీద పారేయకుండా కంపోస్టు గుంతలో పూడ్చండి. డ్రమ్ములకు మూత ఉండాలె.

ఆవు ఈనినప్పుడు మాయను కుక్కకు అందనీయొద్దు, లోతుగా పూడ్చాలె. బ్రుసెల్లా లాంటి రోగాలు అట్ల పాకుతయి. పాత ఇంట్లో బయటి కుక్కకు ఈ వాసనలన్నీ కొత్త. అందుకే మొదటి నెల దాని మీద కన్నుండాలె.

నాలుగో మెట్టు: అప్పగింత, తర్వాత 3-3-3

పొద్దున పూట అప్పగించండి, చీకటి పడేలోపు జాగా తెలుస్తది. అది పండుకునే గోనెసంచి, తినే గిన్నె ఉతకకుండా, కడగకుండా వెంట ఇవ్వండి. ఆ వాసనే దానికి ధైర్యం. పటాకల రోజుల్లో, బోనాల డప్పుల రోజుల్లో మార్చకండి.

ఒక కాగితం మీద ఇవి రాసివ్వండి: పేరు, వయసు, టీకా తేదీలు, ఏం తింటది, ఎన్నిసార్లు, ఎట్ల పిలిస్తే వస్తది, దేనికి భయపడుతది, తిరిగి తీసుకోవాల్సి వస్తే ఎవరికి ఫోన్ చేయాలె. ఈ ఆఖరి వాక్యం చాలా ముఖ్యం. "ఉంచుకోలేకపోతే ఎవరికీ ఇవ్వకుండా నాకే చెప్పాలె" అని ముందే మాట తీసుకోండి.

కుక్కలు పెంచేవాళ్లు మూడు-మూడు-మూడు అనే లెక్క చెబుతరు. ప్రతి కుక్కకూ అచ్చం ఇట్లనే ఉండదు, కానీ అంచనాకు పనికొస్తది.

మొదటి 3 రోజులు: భయం. తినకపోవచ్చు, మూలకు పండుకుంటది, రాత్రి ఏడుస్తది. బలవంతం చేయొద్దు, నీళ్లు తాగుతుందా లేదా చూడాలె.

3 వారాలు: వేళలు అర్థమవుతయి. పాత ఇంటికి పారిపోయే ప్రమాదం ఈ రోజుల్లోనే ఎక్కువ. కనీసం 15 రోజులు పొడుగు తాడు మీద గానీ, కంచె లోపల గానీ ఉంచాలె. రోజుకు రెండుసార్లు పొలం గట్ల వెంట తిప్పాలె.

3 నెలలు: ఇది నా జాగా అనుకుంటది.

జాకీ నాలుగు రోజులు సరిగా తినలేదు. చిన్నమ్మ పెట్టినట్టే మక్కగటకలో మజ్జిగ పోసి దాని పాత గిన్నెలో పెడితే ఐదో రోజు ముట్టింది. దాన్ని మార్చింది మాత్రం తిండి కాదు, పని. ఆవులను మేతకు తోలేటప్పుడు తాడుతో వెంట తీసుకుపోయిన. రెండో వారం నుంచి ఆవులు లేవంగనే అది లేచి నిలబడేది. మూడో నెలలో ఒక రాత్రి మక్కచేను దిక్కు మొరిగితే పోయి చూసినం, పందుల గుంపు.

పాత యజమాని ఎప్పుడు కలవాలె?

వెంటనే కాదు. జపాన్‌లో హచికో అనే కుక్క కథ చాలామందికి తెలుసు. దాని యజమాని ఉయెనో టోక్యోలో వ్యవసాయ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. ఆయన 1925లో చనిపోయినంక దానికి వేరే ఇండ్లు చూసిండ్రు, తిండి పెట్టేవాళ్లు ఉండిరి. అయినా యజమాని దిగే షిబుయా స్టేషనుకు 1935లో చనిపోయేదాకా పోతూనే ఉంది. దాన్ని మనం ప్రేమ అని మెచ్చుకుంటం. కానీ కొత్త ఇల్లు చూసేవాళ్లు దాంట్లో ఇంకో పాఠం కూడా చూడాలె. పాత దారికి అందేంత దగ్గర్లో ఉంటే, చేతిలో కొత్త పని లేకపోతే, పెద్ద కుక్క ఎదురుచూపులోనే ఉండిపోవచ్చు.

అందుకే మూడు నెలలు ఆగమని చిన్నమ్మకు చెప్పిన. ఆమెకు కష్టమే అయింది. రెండు రోజులకోసారి ఫోన్ చేసి తిన్నదా అని అడిగేది. మూడు నెలలకు వచ్చినప్పుడు జాకీ ఆమె మీద ఎగిరి దునికి, కొంగు పట్టి గుంజింది. సాయంత్రం ఆమె ఆటో ఎక్కితే గేటు దాకా పోయి కూసుంది. కాసేపటికి ఆవులు కొట్టానికి మళ్లినయి. అది లేచి వాటి వెంట వచ్చింది. చిన్నమ్మ తర్వాత ఫోన్లో, "నన్ను మర్వలే. నాతోని రాలే. మంచిగైంది కొడుకా" అన్నది. మాట్లాడుకుంటనే ఏడ్చింది.

ఇది ముందే తెలిసి ఉండాలె. కుక్క కుదురుకున్నా ఇచ్చినవాళ్ల బాధ పూర్తిగా పోదు. దాన్ని తప్పు చేసినట్టు లెక్కపెట్టుకోవద్దు. పొలం పోయింది, ఊరు పోయింది, ఆఖరికి కుక్కను కూడా ఇచ్చేసినం అనే మనిషికి "కుక్కే కదా" అని మాత్రం అనకండి.

ఒక్కసారి మళ్లీ చూసుకోండి

- ఇవ్వక తప్పదని తేలినంకనే నిర్ణయం.
- టీకా, నట్టల మందు, ఆపరేషన్ ముందే.
- ఇల్లు కండ్లతో చూడాలె, కుక్క గురించి అంతా నిజమే చెప్పాలె.
- గోనెసంచి, గిన్నె, కాగితం వెంట పోవాలె.
- 15 రోజులు తాడు లేదా కంచె, మూడు నెలల ఓపిక.
- కొత్త ఇంట్లో కుదరకపోతే తిరిగి తీసుకునే మాట.

ప్రకృతి వ్యవసాయం చేసే మిత్రులకు ఒక విన్నపం. బాయికాడికి కావలి కుక్క కావాలనుకుంటే పిల్లనే కొనాలని లేదు. మీ మండలంలో భూమి అమ్ముకున్న వాళ్లో, ఊరు ఖాళీ చేసినవాళ్లో ఉంటే ఒకసారి అడిగి చూడండి. పశువులతో తిరగడం నేర్చిన పెద్ద కుక్క దొరకడం కష్టం. దానికి మూడు నెలలు ఇస్తే, మిగిలిన ఏండ్లన్నీ అది మీకు ఇస్తది.

పొడుగు తాడు కట్టే విధానం, గట్ల వెంట తిప్పే విధానం పై వీడియో రెండో భాగంలో ఉంది, చూడండి. వచ్చే వీడియోలో ఆముదం పిండిని ఎట్ల నిల్వ చేయాలో, ఎట్ల వాడాలో చూపిస్త. ఉంట.