అప్‌డేట్ వేళ మీ చేతిలో ఉండాలి

ప్రశ్న: దేవరకొండలో మీసేవ కేంద్రం నడుపుతున్నాను. ఆదాయ, కుల ధ్రువపత్రాల కోసం జనం బారులు తీరిన వేళే అప్‌డేట్ అంటూ కంప్యూటర్ ఆగిపోతోంది. హాట్‌స్పాట్ పెడితే ఫోన్ డేటా కూడా హరించుకుపోతోంది. అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేయవచ్చా?
– ఒక పాఠకుడు, నల్గొండ జిల్లా

జవాబు: ఆపేయకండి. ఊరి జనం ఆధార్ నకళ్లు మీ కంప్యూటర్లో ఉంటాయి. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్) ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లలోకీ చొరబడింది. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. వేసుకోనివాళ్లే ఎక్కువగా దెబ్బతిన్నారు.

అయినా మీ కోపం న్యాయమైనదే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక్క తప్పుడు అప్‌డేట్‌తో ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఎప్పుడు వేసుకోవాలన్నది వాడేవారే నిర్ణయించాలని నేను గట్టిగా నమ్ముతాను.

విండోస్‌లో అందుకు కొంత వీలుంది. సెట్టింగ్స్‌లోని విండోస్ అప్‌డేట్‌లో యాక్టివ్ అవర్స్‌ను ఉదయం 8 నుంచి రాత్రి 9 వరకు పెట్టండి, ఆ వేళల్లో దానంతటది రీస్టార్ట్ కాదు. హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్‌గా గుర్తిస్తే డేటా చాలావరకు మిగులుతుంది. నెలవారీ అప్‌డేట్లు రెండో మంగళవారం విడుదలవుతాయి, మనకప్పటికి రాత్రి. ఆ వారం పాజ్ నొక్కి, ఆదివారం ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాక వేసుకోండి.

మీది విండోస్ 10 అయితే, దాని సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తోనే ముగిసింది. ముందు అది చూసుకోండి.