పావు బలానికి సరిపోయే ఫ్లాష్

తెనాలి

మేనకోడలికి,

పెళ్లిళ్ల సీజన్ మొదలయ్యేలోగా ఫ్లాష్ కొనాలనీ, అన్నిటికన్నా పవర్ ఉన్నదేదో చెప్పమనీ అడిగావు. ఒక మోడల్ పేరు రాసి ఊరుకోవచ్చు, కానీ రెండేళ్లలో అది పాతబడిపోతుంది. పెళ్లిలో బలమైన ఫ్లాష్ ఎందుకు కావాలో తెలిస్తే, రేపు ఏ మోడల్ వచ్చినా నువ్వే తేల్చుకుంటావు. పావు బలంతోనే పని జరిగిపోవాలి, అందుకే పెద్ద ఫ్లాష్ కొనాలి. ఈ ఉత్తరమంతా ఈ ఒక్క మాట గురించే.

లెక్క వేసి చూద్దాం. కల్యాణ మండపం స్లాబు పన్నెండు అడుగుల ఎత్తున, తెల్లగా ఉందనుకో. పీటల మీద వధూవరులు కూర్చున్నారు, నువ్వు మూడు మీటర్ల దూరంలో నిలబడ్డావు. ఫ్లాష్ తల పైకి తిప్పి కొడితే వెలుగు స్లాబును తాకి వాళ్ల ముఖాల మీదికి దిగేసరికి దాదాపు ఆరు మీటర్లు ప్రయాణిస్తుంది. ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె, అంటే గైడ్ నంబర్, 34 అయితే, ఐఎస్ఓ 100 దగ్గర 34ను ఆరుతో భాగించు: ఎఫ్ 5.6 వస్తుంది. స్లాబు మింగేదీ చెదిరిపోయేదీ కలిపి రెండు స్టాపులు తీసేస్తే ఎఫ్ 2.8. ఐఎస్ఓ 800 పెడితే మూడు స్టాపులు తిరిగొచ్చి ఎఫ్ 8 అవుతుంది. ఇద్దరి ముఖాలూ స్ఫుటంగా రావడానికి నీకు ఎఫ్ 4 చాలు. అంటే మిగిలిన రెండు స్టాపుల మేరకు ఫ్లాష్‌ను పావు బలానికి దించుకోవచ్చు. అదే చోట గైడ్ నంబర్ 17 ఉన్న చిన్న ఫ్లాష్ అయితే ప్రతి ఫ్రేముకూ పూర్తి బలంతో వెలగాల్సిందే.

ఈ తేడా జీలకర్ర బెల్లం దగ్గర తెలుస్తుంది. మేళం ఒక్కసారిగా జోరందుకుంటుంది, తలల మీద చేతులు పడతాయి, అడ్డుతెర దిగుతుంది, వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు. ఇదంతా కొన్ని సెకన్ల పని. పూర్తి బలంతో వెలిగిన చిన్న ఫ్లాష్, అందులోనూ అప్పటికే కాస్త దిగిన బ్యాటరీలతో, మళ్లీ సిద్ధం కావడానికి మూడు నాలుగు సెకన్లు తీసుకుంటుంది. ఆలోగా పెళ్లికూతురి ముఖంలో ఆ మొదటి చూపు వెళ్లిపోతుంది. పురోహితుణ్ని మళ్లీ చేయించమని అడగలేం, అడగకూడదు కూడా. పావు బలంతో వాడే ఫ్లాష్ నువ్వు మళ్లీ బటన్ నొక్కేలోపే సిద్ధంగా ఉంటుంది.

తలంబ్రాల దగ్గర ఇంకో లాభం ఉంది. ఈ ఫ్లాషుల్లో బలం తగ్గించడమంటే వెలుగును తొందరగా కోసేయడమే. నికాన్ ఎస్‌బి-910 పూర్తి బలంతో సుమారు సెకనులో 880వ వంతు వెలుగుతుంది, ఎనిమిదో వంతు బలంతో 5000వ వంతు. మొదటిదానితో గాలిలో ఎగిరే బియ్యం చారలుగా సాగొచ్చు, రెండోదానితో గింజ గింజా విడిగా నిలబడుతుంది. అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ 1957లో పాలచుక్క చిమ్మి కిరీటంలా లేచిన క్షణాన్ని పట్టింది ఇలా అతి కొద్దిసేపే వెలిగే ఫ్లాష్‌తోనే. ఆ ఫోటో వెతికి చూడు.

ఇక అంకెల సంగతి. కానన్ 600ఈఎక్స్-ఆర్‌టి గైడ్ నంబర్ 60 అని రాస్తారు, ఎస్‌బి-910ది 34 అని. మొదటిది రెట్టింపు బలమైనదనుకునేవు! ఆ 60ని ఫ్లాష్ తల 200 మి.మీ. జూమ్‌లో పెట్టి, వెలుగంతా సన్నటి ధారగా చేసి కొలిచారు. 34ను 35 మి.మీ. దగ్గర కొలిచారు. రెంటినీ ఒకే జూమ్ దగ్గర పోలిస్తే తేడా కొద్దిగానే ఉంటుంది. స్లాబుకు కొట్టేటప్పుడు ఆ సన్నటి ధారతో నీకు పనిలేదు. కాబట్టి పెట్టె మీది అంకె చూడగానే ఏ జూమ్‌లో కొలిచారో అడుగు. గైడ్ నంబర్ నిజంగా రెట్టింపు కావాలంటే నాలుగింతల శక్తి కావాలన్నది కూడా గుర్తుంచుకో.

పెద్ద ఫంక్షన్ హాళ్లలో, లాన్లలో ఈ లెక్కలేవీ సాగవు. సీలింగు ముప్పై అడుగుల ఎత్తున నల్లగానో ఎర్రగానో ఉంటుంది, లాన్లో అసలు ఉండదు. అక్కడ గోడాక్స్ ఏడీ200 లాంటి 200 వాట్-సెకన్ల ఫ్లాష్‌ను స్టాండు మీద గొడుగుతో పక్కన నిలబెట్టి, రేడియో ట్రిగ్గర్‌తో వెలిగించడమే దారి. పక్కనుంచి వచ్చే వెలుగు హోమం పొగను తెల్ల పరదాలా మార్చదు, పట్టుచీర మడతలు కనబడతాయి. స్టాండు దగ్గర ఒక మనిషిని ఉంచు, పిల్లలు పరుగెడుతుంటారు.

పగటి ముహూర్తం ఎండలో పడితే ఐఎస్ఓ 100, సెకనులో 200వ వంతు, ఎఫ్ 11. గైడ్ నంబర్ 34ను 11తో భాగిస్తే మూడు మీటర్లు. అంటే ఎండకు సమానంగా నిలవాలంటే ఫ్లాష్ అంత దగ్గర ఉండి, పూర్తి బలంతో వెలగాలి. నీడ పడిన కళ్లు తెరుచుకునేంత వెలుగు చాలనుకుంటే సగమో పావో సరిపోతుంది. షట్టర్ వేగం ఇంకా పెంచాలని హైస్పీడ్ సింక్ జోలికి వెళితే బలం ఇంకా పడిపోతుంది, అవసరమైతే తప్ప వద్దు.

ఫ్లాష్ బలాన్ని కెమెరాయే తేల్చే టీటీఎల్ ఉండాలి, కానీ దాన్నే నమ్ముకోకు. మధుపర్కాల తెల్లబట్ట ఫ్రేమంతా నిండితే కెమెరా వెలుగెక్కువైందనుకుని ఫ్లాష్‌ను తగ్గించేస్తుంది, ముఖాలు మసకబారతాయి. అప్పుడు ముప్పావు స్టాపు అటూ ఇటూగా పెంచు. జంట పీటల మీద కదలకుండా కూర్చున్నంతసేపూ మాన్యువలే మేలు.

బ్యాటరీ విషయంలో లిథియం ప్యాక్ ఉన్నదే తీసుకో. పెన్సిల్ సెల్స్ వాడేదైతే ఎనలూప్ లాంటి రీచార్జబుల్ సెట్లు నాలుగు కొను, ఏ సెట్‌ను ఆ సెట్‌గానే చార్జ్ చెయ్. గోడాక్స్ పేరు చివర సీ, ఎన్, ఎస్ అని అక్షరాలుంటాయి, అవి కానన్, నికాన్, సోనీలకు గుర్తు. నీది సోనీ కాబట్టి ఎస్ ఉన్నది అడిగి తీసుకో. నా బీరువాలో ఉన్న పాత వివిటార్ 283ని మాత్రం కెమెరాకు తగిలించకు. పాత కాలపు 283ల్లో ట్రిగ్గర్ వోల్టేజీ రెండు వందలు దాటిపోతుంది, ఇప్పటి కెమెరాలు దెబ్బతినొచ్చు.

డబ్బంతా ఒక్కదాని మీదే పెట్టకు. మంచిది ఒకటి, దానికి తోడు తక్కువ ధరలో అదే రేడియో పద్ధతికి కలిసేది ఇంకొకటి కొను. కొనేముందు షాపులోనే పావు బలానికి పెట్టి, సీలింగుకు తిప్పి, వరసగా ముప్పై ఫ్రేములు తీయి. ఎక్కడైనా ఒక ఫ్రేము నల్లగా వస్తే ఎన్నోది వచ్చిందో రాసుకుని, ఇంకో ఫ్లాష్ చూపించమను.

ఇట్లు
మీ మామయ్య