చిట్టిబాబు వీణ ఎలా పాడింది?



ఈ నెల ఏడో తరగతి ఇంగ్లీష్ క్లాసులో జీవిత చరిత్ర రాయడం నేర్చుకుంటున్నాం. ఎవరి గురించి రాస్తారని అడిగితే పిల్లలు వరుసగా క్రికెటర్ల పేర్లే చెబుతారు. అందుకని ఈసారి మన జిల్లాలోనే పుట్టిన ఒకరిని నేనే ఎంచుకున్నాను. ఆయన వీణ చిట్టిబాబు గారు. పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని చదవండి.

ఆయన 1936 అక్టోబరు 13న కాకినాడలో పుట్టారు. పెట్టిన పేరు హనుమాన్లు, ఇంట్లో పిలిచే ముద్దుపేరు చిట్టిబాబు. తండ్రి చల్లపల్లి రంగారావు గారు ఒకరోజు వీణ వాయిస్తుంటే ఒక స్వరం తప్పు పడిందట. పక్కనే ఉన్న ఐదేళ్ళ పిల్లవాడు అది ఎలా ఉండాలో చెప్పాడట. తండ్రి మురిసిపోయి, ఆ ముద్దుపేరునే అసలు పేరుగా మార్చి, కొడుకును వీణ ముందు కూర్చోబెట్టారని చెబుతారు.

ఈ కథ చెప్పేవాళ్ళందరూ పిల్లవాణ్ణే మెచ్చుకుంటారు. నాకు మాత్రం తండ్రి మీదకే దృష్టి పోతుంది. “నాన్నా, అది తప్పు” అని ఐదేళ్ళ పిల్లలు అంటే మన ఇళ్ళలో సాధారణంగా ఏం జరుగుతుందో మీకు తెలుసు. రంగారావు గారు “పెద్దవాళ్ళకే చెబుతావా?” అని ఉంటే ఆ చెవి సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

అంతమాత్రాన మిగతాదంతా దానంతట అదే జరిగిపోలేదు. పన్నెండేళ్ళకే కచేరీ చేసిన చిట్టిబాబు, ఆ తర్వాత మద్రాసులో ఈమని శంకరశాస్త్రి గారి దగ్గర శిష్యరికం చేశారు. శాస్త్రి గారు కూడా మనవారే. 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. జెమినీ స్టూడియోలోనూ, తర్వాత ఆకాశవాణిలోనూ పనిచేసి, ఢిల్లీలో వాద్య బృందాన్ని నడిపించారు. వీణ అంటే పాత కీర్తనలు వాయించడానికే అన్న హద్దును దాటిన మనిషి. చిట్టిబాబు 1950లలో సినిమా ఆర్కెస్ట్రాల్లో వీణ వాయించారు. ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్ళ పేర్లు తెర మీద పడవు. సంగీత దర్శకుడు అడిగిన నాలుగు ముక్కలనే తప్పు లేకుండా, చెప్పిన క్షణానికి వాయించాలి. మా పిల్లలు రాసే జీవిత చరిత్రల్లో ఇలాంటి సంవత్సరాలు ఒక్క లైనులో దాటిపోతాయి. నేను మార్కులు తగ్గించేది అక్కడే!

ఇక వీణ సంగతి. ఈ పాఠంలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. పనస కర్రతో చేసే ఈ వాద్యానికి ఏడు తీగలుంటాయి. నాలుగు పాట వాయించడానికి, మూడు తాళానికి. 24 మెట్లను మైనంలో నిలబెడతారు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఇప్పటికీ వీణలు తయారు చేస్తున్నారు. ఈ వాద్యానికి ఒక చిక్కుంది. తీగను మీటగానే పుట్టిన శబ్దం ఆ క్షణం నుంచే తగ్గిపోతూ ఉంటుంది. గొంతులా దాన్ని పట్టి నిలపలేం. అందుకే వైణికులు ఎడమ చేత్తో మెట్టు మీద తీగను పక్కకు లాగుతారు. అప్పుడు ఒక్క మీటులోనే రెండు మూడు స్వరాలు ఒకదాని నుంచి ఒకటి జారుతూ వస్తాయి. చిట్టిబాబు గారి వీణ పాడినట్టు ఉంటుందని పెద్దలు అనేది ఇందుకే. వేదమంత్రాల గంభీరమైన స్వరాన్నీ, కోయిల కూతనూ ఆ తీగల మీదే పలికించారు.

పియానోకు ఈ వెసులుబాటు లేదు. కీ నొక్కితే లోపల సుత్తి తీగను కొడుతుంది, అంతే. రెండు కీల మధ్య ఉండే స్వరం అందులో దొరకదు. అమెరికా జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్ (1917–1982) పక్కపక్క కీలు రెండింటినీ ఒకేసారి నొక్కి, మధ్యలో దాక్కున్న స్వరం వినబడినట్టు అనిపించేవారు. 1964లో టైమ్ పత్రిక ముఖచిత్రంగా ఆయన బొమ్మ వేసింది. సరిగ్గా అదే ఏడాది తమిళంలో ఒక వైణికుడి కథతో ‘కలైకోవిల్’ సినిమా వచ్చింది. అందులో వినబడే వీణ చిట్టిబాబు గారిది. ఒకరికి తీగ లొంగింది, ఇంకొకరికి లొంగలేదు. ఇద్దరూ వెతికింది మాత్రం ఆ మధ్య స్వరాన్నే.

చిట్టిబాబు గారు 1996 ఫిబ్రవరి 9న కన్నుమూశారు. అప్పటికి అరవై ఏళ్ళు కూడా నిండలేదు.

ఇంట్లో చేయాల్సిన పని: ఆయన వాయించిన ‘కొమ్మలో కోయిల’ యూట్యూబ్‌లో దొరుకుతుంది. ఫోను స్క్రీను కిందికి తిప్పి పెట్టి వినిపించండి. కోయిల కూత వినగానే చేయి ఎత్తమనండి. రెండోసారి వినేటప్పుడు ఒక చిన్న ముక్క తీసుకుని, అందులో ఎన్ని మీట్లు ఉన్నాయో, ఎన్ని స్వరాలు వినిపించాయో లెక్క పెట్టమనండి. రెండు లెక్కలూ ఒకటి కావు. మీ లెక్కా పిల్లల లెక్కా కలవకపోతే మూడోసారి వినండి. తర్వాత ఆయన గురించి ఇంగ్లీష్‌లో, భూతకాలంలో, ఐదు వాక్యాలు రాయించండి. ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో ఆయన వీణను రేడియోలో విని ఉంటే, ఆ ఐదింటిలో ఒక వాక్యం వాళ్ళు చెప్పింది కావాలి.