సముద్ర జంతువులకు, జాగిలాలకు శిక్షణ: ఒక వృత్తి పరిశీలన

వైద్యం, ఇంజనీరింగు, ఉపాధ్యాయ వృత్తి: చదువు ముగించబోయే విద్యార్థి దృష్టి సాధారణంగా ఈ మూడింటిపైనే నిలుస్తుంది. మన విద్యార్థులు అంతగా తలపెట్టని మరొక వృత్తి జంతు శిక్షణ. సర్కసు కొరడాను చూచి దీనిని అంచనా కట్టరాదు. నేటి జంతు శిక్షణ మనస్తత్వ శాస్త్రం పునాదిగా గల విద్య. దాని స్వరూపాన్ని, మంచిచెడ్డలను ఇక్కడ సంగ్రహంగా పరిశీలిద్దాము.

శాస్త్ర పునాది

ఆహారంతో జతపడిన సంకేతం వినిపించినంతనే కుక్క నోట లాలాజలం ఊరుతుందని రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ నిరూపించాడు. ఏ చర్యకు మంచి ఫలితం లభిస్తుందో ఆ చర్యను ప్రాణి మరల మరల చేస్తుందని అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ విశదీకరించాడు. ఆయన శిష్యులైన కెల్లర్ బ్రెలాండ్, మేరియన్ బ్రెలాండ్ దంపతులు 1940ల దశకంలో ఈ సిద్ధాంతాన్ని ప్రయోగశాల నుండి వెలుపలికి తెచ్చి, దానినే జీవనోపాధిగా మలచుకున్నారు.

డాల్ఫిన్ నేర్పిన పాఠం

కుక్కకు గొలుసు వేయవచ్చు, గుర్రానికి కళ్లెం తగిలించవచ్చు. డాల్ఫిన్‌ను దండించబోతే అది దూరంగా ఈదిపోతుంది. అందుచేత శిక్షకుని చేతిలో మిగిలేవి రెండే: చేపల బకెట్టు, ఈల. డాల్ఫిన్ గాలిలోకి ఎగిరిన క్షణానే చేపను అందించడం సాధ్యం కాదు. ఆ క్షణాన ఈల ఊదితే, తాను చేసిన పని సరియైనదనీ, చేప లభిస్తుందనీ దానికి బోధపడుతుంది. మొదట తల ఎత్తినా చాలు, ఈల మ్రోగుతుంది. తరువాత సగం దేహం పైకి రావాలి. ఇట్లు మెట్టు మెట్టుగా పూర్తి గంతు సిద్ధిస్తుంది.

1965లో అమెరికా నౌకాదళం జరిపిన సీలాబ్-2 ప్రయోగంలో, కాలిఫోర్నియా తీరాన సుమారు 60 మీటర్ల లోతున నివసించిన పరిశోధకులకు టఫీ అనే డాల్ఫిన్ ఉత్తరాలను, పనిముట్లను చేరవేసింది. 1963లో హవాయిలోని సీ లైఫ్ పార్కులో డాల్ఫిన్ల శిక్షణ చేపట్టిన కేరెన్ ప్రయర్, 1984లో వెలువడిన తన గ్రంథం ద్వారా ఈ పద్ధతిని సామాన్యులకు అందించింది. 1990ల దశకంలో ఈలకు మారుగా 'టిక్కు'మనే క్లిక్కరు కుక్కల శిక్షణలో వ్యాప్తి చెందింది. సముద్రపు విద్య ఇంటి వాకిటికి వచ్చినది.

ఉద్యోగ స్వరూపం

ఇందులో చప్పట్ల పాలు స్వల్పం. చేపలు తూచడం, తొట్లు కడగడం, ప్రతి జంతువు ఆరోగ్యాన్ని నమోదు చేయడం నిత్యకృత్యం. రక్త పరీక్షకు జంతువు తానై తోకను అందించేటట్లు నేర్పడం ఉత్తమ శిక్షకుని పని. జంతుశాస్త్రం, మనస్తత్వ శాస్త్రం, ఈత దీనికి ఉపకరిస్తాయి.

అయితే విశాల సముద్రంలో తిరిగే ప్రాణిని తొట్టిలో బంధించడం న్యాయమా? ఈ ప్రశ్నను తప్పించుకోరాదు. 2010లో ఫ్లోరిడాలోని ఒర్లాండోలో ఒక ఓర్కా తన శిక్షకురాలిని బలిగొన్నది. 2016లో సీవరల్డ్ సంస్థ ఓర్కాల సంతానోత్పత్తిని విరమిస్తున్నట్లు ప్రకటించినది. 2013లో భారత ప్రభుత్వం డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు సూచించినది. కనుక మన దేశంలో ఆ దారి లేదు; అది విచారించవలసిన విషయమూ కాదు.

జాగిలాల దారి మాత్రం తెరచియే ఉన్నది. గ్వాలియర్ సమీపాన టేకన్‌పూర్‌లో సరిహద్దు భద్రతా దళం, మీరట్‌లో సైన్యం, హైదరాబాదు చేరువన మొయినాబాదులో పోలీసు శాఖ జాగిలాలకు శిక్షణ ఇస్తున్నవి. ఈ పనిలో ప్రవేశించగోరేవారు సాధారణంగా ముందుగా ఆయా దళాలలో చేరవలసి ఉంటుంది.

ఉర్దూలో 'సబ్ర్' అన్నా, తెలుగులో 'ఓర్పు' అన్నా ఈ వృత్తికి మూలధనం అదియే. తప్పును వెదకి దండించే గురువు కంటె, ఒప్పును ఆ క్షణానే గుర్తించే గురువు శిష్యునికి ఎక్కువ నేర్పగలడు. ఈ సత్యం తరగతి గదికి కూడా వర్తిస్తుందని మా విశ్వాసం.